సవరణ: ఎలక్ట్రిక్ షవర్‌కు ఎంసీబీ ఒక్కటే చాలదు

ఎలక్ట్రిక్ షవర్‌కి విడిగా 40 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పెడితే షాక్ భయం ఉండదని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, నేనే సరిగా అర్థం చేసుకోలేదు. లైసెన్సు ఉన్న ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాక షవర్‌తో వచ్చిన మాన్యువల్ కూడా చూశాను, అందులోనూ అదే ఉంది.

ఎంసీబీ ఓవర్‌లోడ్‌కీ షార్ట్ సర్క్యూట్‌కీ ట్రిప్ అవుతుంది, అంటే ప్రధానంగా వైరును కాపాడుతుంది. తడి ఒంటి గుండా 30 మిల్లీఆంపియర్లు పోయినా ప్రాణం మీదికి రావచ్చు, కానీ 40 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆ లీకేజీని పట్టి వెంటనే కరెంటు ఆపేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. కాబట్టి రెండూ ఉండాలి, ఎర్తింగ్ కూడా ఉండాలి, ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్తింగ్ వదిలేయకూడదు.

ఇంకో మాట, "విడిగా" అన్నది కొందరు ఉన్న గీజర్ సాకెట్‌కే కలపొచ్చని అనుకున్నారు. వద్దు! 8.5 కిలోవాట్ల షవర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 37 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్ కాలిపోతుంది. మెయిన్ బోర్డు నుంచి నేరుగా వేరే లైను, మామూలుగా 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తారు, దూరాన్ని బట్టి సైజు ఎలక్ట్రీషియనే తేల్చాలి. పాత పోస్టులో ఆ తప్పు వాక్యం తీసేశాను.