ఫారం గుడ్డు మీద ఆ మెసేజ్ పంపేముందు ఇది చదవండి

"ఫారం కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్ చేసి రోజుకు రెండేసి గుడ్లు పెట్టిస్తున్నారు, సొన పాలిపోయి ఉందంటే కల్తీ, రేటేమో సిండికేటై పెంచేస్తున్నారు, పిల్లలకు పెట్టకండి" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. గోదావరి జిల్లాల్లో తణుకు, మండపేట, అనపర్తి వైపు కోళ్ల షెడ్ల పక్కన ఉండేవాళ్లే దాన్ని ఫార్వర్డ్ చేస్తుంటే బాధేస్తోంది.

రోజుకు రెండు అనేది జరిగే పని కాదు. ఒక్క గుడ్డు తయారవడానికే 24 గంటల పైన పడుతుంది, అందులో పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు. లేయరు కోడి (గుడ్ల కోసమే పెంచేది) ఏడాదికి 300 పైచిలుకు పెడుతోందంటే దానికి కారణం మేలు జాతి, కొలిచి పెట్టే దాణా, రోజుకు 16 గంటల వెలుతురు. ఇంజెక్షన్ చేయడం కళ్లారా చూశామంటారా, అది కొక్కెర తెగులు లాంటివాటికి వేసే టీకా. వేల కోళ్లను రోజూ పట్టుకుని సూది వేస్తే కూలి డబ్బులైనా గిట్టుతాయా? యాంటీబయాటిక్స్ గురించి అడగండి, గట్టిగా అడగండి, అది అసలైన ప్రశ్న. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడితే క్రిములు మందులకు లొంగకుండా పోతాయన్న భయంతోనే 2019లో కేంద్రం నిషేధించింది.

సొన రంగు దాణాని బట్టి ఉంటుంది. మొక్కజొన్న ఎక్కువైతే ముదురు పసుపుగా వస్తుంది. మన డెల్టాలో రైస్ మిల్లులు ఎక్కువ, మొక్కజొన్న రేటు మండినప్పుడు నూకలు, తవుడు పాళ్లు పెంచుతారు, నూకల్లో ఆ రంగు ఉండదు కాబట్టి సొన పాలిపోతుంది, అంతే. గుడ్డులో ఉండే ఆరు గ్రాముల ప్రోటీన్ ఎక్కడికీ పోదు.

ఇక సిండికేట్. రేటు లేదని కోడి గుడ్డు పెట్టడం ఆపదు, రైతు వాటిని నెలల తరబడి దాచుకోనూ లేడు. ఒకప్పుడు వ్యాపారి చెప్పిందే రేటు, ఆ బాధతోనే 1982లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి.రావు గారి చొరవతో రైతులంతా కలిసి నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) పెట్టుకున్నారు. అది రోజూ ప్రకటించేది సూచన ధర. చలికాలంలో బెంగాల్, బీహార్ నుంచి గిరాకీ వస్తే పెరుగుతుంది, లేకపోతే పడుతుంది. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను గోతుల్లో పూడ్చుకున్న రైతుల్ని ఏ సిండికేట్ కాపాడింది?

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ చివరి మాట. ఏడాదికి మనిషికి 180 గుడ్లు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే దేశంలో సగటున వందకు కాస్త పైనే అందుతున్నాయి. మన కోనసీమ తల్లి డొక్కా సీతమ్మ గారి పేరుతో బడిలో పెట్టే భోజనంలో ఉండే గుడ్డు, చాలామంది పిల్లలకు ఆ రోజు దొరికే ఒకే ఒక్క మంచి ప్రోటీన్. దాన్ని తినొద్దని పిల్లలకు చెప్పేముందు, దగ్గర్లోని పశువైద్యుణ్ని ఒక్కసారి అడగండి.