అప్పన్నకున్న పాటి ఏకాంతం

విశాఖపట్నంలో ఏకాంతాన్ని పూర్తిగా అనుభవిస్తున్నవాడు ఒక్కడే ఉన్నాడు. సింహాచలం కొండ మీదుండే అప్పన్నస్వామి. ఏడాదంతా ఒంటినిండా చందనం పూసుకుని, అసలు రూపం ఎవరికీ చూపించకుండా కూర్చుంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు ఆ పూత తీస్తే నిజరూప దర్శనం. అదీ ఒక్కరోజే, మళ్లీ చందనం. పెదవాల్తేరు అపార్ట్‌మెంటులో నాది రివర్సు కేసు. ఏడాది పొడుగునా నిజరూప దర్శనమే. పోనీ నేనూ చందనం పూసుకుందామంటే "ఏం బాబూ, చెమటకాయలా?" అని నలుగురు అడుగుతారు. ఐదోవాడు పౌడరు డబ్బా పట్టుకొస్తాడు.

చట్టం మాత్రం నా పక్షానే ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని, రాజ్యాంగం 21వ అధికరణంలోనే అది ఇమిడి ఉందని ఏకగ్రీవంగా తేల్చారు. తొమ్మిదిమంది ఒక మాట మీదకి రావడం మా అసోసియేషన్ మీటింగులో నేనెప్పుడూ చూడలేదు. అంతటి తీర్పూ మా గేటు దగ్గర ఆగిపోయింది. వాచ్‌మన్ "ఎవరింటికి?" అని అడిగి ఉంటాడు.

19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా తిరగమంది. నాకు దేశమంతా అక్కర్లేదు, ఆర్కే బీచ్ దాకా చాలు. కానీ మొదటి అంతస్తులో బాబాయ్‌గారు ఉన్నారు. నా చెప్పుల చప్పుడికి ఆయన చేతిలో పేపరు కిందికి దిగుతుంది. సంస్కారం ఉన్న మనిషి. బయల్దేరేవాణ్ని "ఎక్కడికి" అని అడిగితే అశుభం కనక ఆ మాట నోట రానివ్వరు.

"ఎంతదాకా?" అంటారు.

"ఇలా, బీచ్ దాకా బాబాయ్‌గారూ."

"ఒక్కడివేనా?"

ఈ ప్రశ్నకి ఇన్నేళ్లైనా నాకు జవాబు దొరకలేదు. అవునంటే జాలిపడి ఆయనా చెప్పులేసుకుంటారు. కాదంటే ఎవరితోనో చెప్పాలి.

మొన్నామధ్య ఆయన స్నానానికి వెళ్లిన సమయం చూసి తప్పించుకున్నాను. మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని, సబ్‌మెరైన్ మ్యూజియానికి కాస్త ఎడంగా ఇసుకలో కూర్చున్నాను. మ్యూజియంగా మారిన ఈ కుర్సురా జలాంతర్గామిని చూస్తే నాకు గుబులు. నీళ్లకింద ఎవరికీ కనపడకుండా ఉండటమే ఉద్యోగంగా ముప్పై ఏళ్లకి పైగా చేసింది. 2001లో రిటైరవగానే ఏం చేశాం? ఒడ్డుకి లాక్కొచ్చి, టిక్కెట్టు పెట్టి, లోపలి పడకలూ వంటగదీ కూడా ఊరందరికీ చూపిస్తున్నాం. జలాంతర్గామికే దిక్కులేదు, నేనెంత?

పొట్లం సగం కూడా అవలేదు, ఇంటి నుంచి ఫోను.

"ఏమైందిరా?" అంది అమ్మ.

"ఏం కాలేదమ్మా."

"ఏం కాకపోతే సముద్రం వైపు చూస్తూ ఒక్కడివే కూర్చోవడమేంట్రా?"

ఎవరు చూశారో ఇప్పటికీ తెలీదు. నేను ఇల్లు చేరేసరికి రోగనిర్ధారణ పూర్తయింది. ఉద్యోగం పోయిందని బాబాయ్‌గారు. ప్రేమ బెడిసిందని రెండో అంతస్తు. నాన్న మాత్రం ఏమీ అనకుండా బీపీ మిషను తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ఊరికే కూర్చున్నానని చెప్తే ఎవరూ నమ్మలేదు. ఊరికే కూర్చోవడానికి సోఫా ఉంది కదా అన్నారు. అదీ నిజమే. కాకపోతే ఆ సోఫాలో ఇప్పటికే ఐదుగురున్నారు.

అధికారులకి నా విన్నపం చిన్నది. పొద్దున్నే నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపుతున్నారు, సంతోషం. అదే బారికేడ్లతో ఆ కాసేపూ ప్రశ్నలు కూడా ఆపించండి. అత్యవసరమైతే "బాగున్నావా" ఒక్కదానికీ దారి వదలొచ్చు.

ఆ సాయంత్రమే పై అంతస్తు పిన్నిగారి దగ్గర్నుంచి ఆవ పెట్టిన పనసపొట్టు కూర వచ్చింది. కూర అమోఘం, దాని మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా గిన్నె మీద. స్టీలు గిన్నె, దాని మీద ఆవిడ పేరు, పెళ్లి తేదీ చెక్కి ఉంటాయి. మన దగ్గర గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. మనం గులాబ్‌జాములు వేసి పంపాలి. అప్పుడు మన గిన్నె ఒకటి అక్కడ చిక్కుకుంటుంది. దాన్ని ఇచ్చే మిషతో ఆవిడ దిగి వచ్చి, హాల్లో రెండు నిమిషాలు నిలబడి, కేలండరు మీద నేను పెట్టిన టిక్కు ఏమిటో కనుక్కుని వెళ్తుంది. సీసీ కెమెరాకైనా కరెంటు కావాలి.

కరెంటంటే గుర్తొచ్చింది, ఒప్పుకోవాల్సిందొకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి లేదు. ఎవరింట్లో రెండో సిలిండరు నిండుగా ఉందో, ఏ ఫ్లాటులో చంటిపిల్లకి పాలపొడి అయిపోవచ్చిందో, ఎవరు డ్రమ్ముల్లో నీళ్లు దాచారో పిన్నిగారికి తెలుసు. లిస్టు రాసుకోకుండా అపార్ట్‌మెంటు మొత్తాన్ని నడిపింది. ఏళ్ల తరబడి తీసిన ఆరా ఆ వారం అందరికీ అన్నం పెట్టింది. నేనూ తిన్నాను. కాకపోతే తుపాను వెళ్లిపోయింది, ఆరా ఉండిపోయింది.

సరే, గిన్నె. అమ్మ గులాబ్‌జాములు వేసిచ్చింది. రాత్రి తొమ్మిదింటికి తీసుకెళ్తే పిన్నిగారింట్లో టీవీ మోగుతోంది, మనవలు కొట్టుకుంటున్నారు, ఆవిడ లేదు. డాబా మీదుందేమోనని ఎక్కాను. లైటు వేసుకోలేదు. వాటర్ ట్యాంకు పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, హార్బరు బయట లంగరేసిన ఓడల దీపాలు చూస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏ పనీ లేకుండా. ఆవిణ్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

వెనక్కి తిరిగి దిగిపోవాల్సింది. తెలుసు.

"ఏం పిన్నిగారూ, ఒక్కరే కూర్చున్నారు?" అన్నాను.

ఉలిక్కిపడి లేచింది. "ఏం లేదు నాయనా, బట్టలు తీద్దామని వచ్చాను." దండెం మీద ఒక్క బట్ట లేదు. "కింద ఎవరికీ చెప్పకేం," అంది, గిన్నె అందుకుంటూ.

చెప్పకూడదనే మెట్లు దిగాను. మర్నాడు పొద్దున్న అమ్మ పెరుగావడలు చేసి, మూత పెట్టి, నా చేతికిచ్చింది. "పిన్నిగారికి ఇచ్చి రా. కోడలు ఏమైనా అందేమో, మెల్లిగా కనుక్కో."