గాండర్ ఊరివాళ్లూ గుర్తొచ్చారు

అర్ధరాత్రి వియన్నా స్టేషన్లో పర్సు పోగొట్టుకున్న రచయితకి ముక్కూమొహం తెలియని ఆవిడెవరో టికెట్ కొనిచ్చిందని చదివి, ‘దైవం మానుషరూపేణ’ అని పెద్దలు ఊరికే అనలేదనిపించింది. నాకైతే 2001 సెప్టెంబరు 11 గుర్తొచ్చింది. అమెరికా తన గగనతలం మూసేయడంతో, ఆ ఒక్కరోజే కెనడాలోని గాండర్‌లో 38 విమానాలు దిగాయి. ఊరి జనాభాయే దాదాపు పదివేలు, దిగినవాళ్లు 6,500కి పైమాటే! సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి స్టీరింగ్ పట్టారు. ఇళ్లలో వండి తెచ్చిన తిండి పాడవకుండా ఐస్ హాకీ ఆడే చోటునే పెద్ద ఫ్రిజ్‌గా వాడేశారు. బీపీ, షుగర్ మాత్రలు విమానంలోని సామాన్లలో ఇరుక్కుపోయినవాళ్లకి మందుల షాపులవాళ్లు ఎక్కడెక్కడి డాక్టర్లకో ఫోన్లు చేసి కనుక్కుని, పైసా తీసుకోకుండా ఇచ్చారు.

రచయిత మాత్రం తనకి అందిన సాయం తన వ్రతాల ఫలమన్నారు. అక్కడే నాకు మింగుడుపడలేదు. నేనూ శనివారాలు ఉపవాసం ఉండే మనిషినే, కానీ ఆ డ్రైవర్లు ఎవరి వ్రతం చూసి వచ్చారండీ? పుణ్యం ఏదన్నా ఉంటే ఆవిడ ఖాతాలో వెయ్యాలి గానీ!

ఇంతకీ ఆ టికెట్ డబ్బులు ఆవిడకి తిరిగి పంపగలిగారా? ఆ సంగతి రాయనేలేదు.