తోట చూడ్డానికా, వైన్ రుచి చూడ్డానికా?

వైన్ ప్రాంతానికి పోయి, అక్కడి ఊళ్లో డబ్బులు తీసుకుని రకరకాల వైన్లు కొద్దికొద్దిగా పోసి రుచి చూపించే టేస్టింగ్ రూమ్‌కి వెళ్లొచ్చానంటే చాలు, ఎవరో ఒకరు మూతి విరుస్తారు. "అదేంటి, అంత దూరం వెళ్లి షాపులాంటి గదిలో కూర్చుని తాగొచ్చావా? ద్రాక్ష తోటకెళ్లాలి గానీ!" అంటారు. నకిలీ సరుకు కొనుక్కొచ్చినవాణ్ణి చూసినట్టు జాలిగా చూస్తారు. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోను.

ముందు నా సంగతి ఒప్పుకుంటాను. ఒకప్పుడు నేనూ ఆ మూతి విరిచే బ్యాచే. మొదటిసారి కాలిఫోర్నియా వైన్ ప్రాంతానికి వెళ్లినప్పుడు ఊళ్లో ఒక్క చోటా ఆగలేదు. కొండ మీద వైనరీ (వైన్ తయారుచేసే చోటు), కింద దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరుసలు, సాయంత్రపు ఎండ, గొడుగు కింద కుర్చీ. వాళ్లు పోసిన పినో నువార్ అనే ఎర్ర వైన్ మొదటి గుక్కకే అద్భుతం అనిపించింది. రెండు సీసాలు కొన్నాను. నెల తర్వాత ఓ మామూలు మంగళవారం రాత్రి ఇంట్లో మొదటిది తెరిచాను. పల్చగా, పుల్లగా, ఏ విశేషమూ లేదు. సీసా పాడైందేమో అనుకున్నాను. వారం ఆగి రెండోది తీశాను. అదీ అంతే. పాపం వైన్ చేసిన తప్పేమీ లేదు. నాకు నచ్చింది ఆ కొండ. కొండని సీసాలో పోసి ఇవ్వరు కదా.

ఊళ్లో టేస్టింగ్ రూమ్‌లో ఈ మాయ కుదరదు. బట్టల షాపుకీ బ్యాంకుకీ మధ్య ఇరుకు గది. ఒక కౌంటర్, ఆరేడు స్టూళ్లు, గోడకి సీసాల అరలు. కిటికీలోంచి చూస్తే ఆగి ఉన్న కార్లు. ఇక చూడ్డానికి గ్లాసు తప్ప ఏముంది? దాన్నే చూస్తాం, వాసన పీలుస్తాం, నోట్లో తిప్పుతాం. ఆ కార్ల వంక చూస్తూ తాగినా ఒక వైన్ నచ్చిందంటే, ఇంట్లో గిన్నెలు కడుక్కుంటూ తాగినా నచ్చుతుంది.

నన్ను పూర్తిగా ఇటువైపు లాగింది మాత్రం ఎదురెదురుగా ఉన్న రెండు గదులు. ఒకే వీధి, మధ్యలో పదడుగుల రోడ్డు. రెండు చోట్లా లిస్టులో ఒకే తోట పేరుతో, ఒకే ఏడాది పినో నువార్ ఉంది. అమెరికాలో లేబుల్ మీద తోట పేరు వేయాలంటే 95 శాతం ద్రాక్ష ఆ తోటదే అయ్యుండాలి. అంటే ద్రాక్ష విషయంలో అనుమానం అక్కర్లేదు. మొదటి గదిలో గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనపడేంత లేత ఎరుపు. పచ్చి రేగిపండు కొరికినట్టు పులుపు, చివర్లో ఇంత వగరు. రోడ్డు దాటి రెండోచోట పోయించుకుంటే ముదురు రంగు, లవంగం, వెనిల్లా వాసన, గొంతు దిగుతుంటే వెచ్చగా. అడిగితే చెప్పారు. మొదటాయన ద్రాక్షని ముందే కోయించి పాత పీపాల్లో ఉంచాడట. రెండో ఆవిడ ఇంకో పది రోజులాగి, బాగా తీపెక్కాక కోయించి, సగం వైన్‌ని కొత్త ఓక్ చెక్క పీపాల్లో పెట్టిందట. నమ్మకం కుదరక మళ్లీ రోడ్డు దాటి మొదటిది ఇంకోసారి పోయించుకున్నాను. ఆయన నవ్వాడు, ఈ దాటుడు ఆయనకి అలవాటే అనుకుంటా.

కొయ్యడానికి ఆగే ఆ పది రోజులు నోటికి ఎలా తెలుస్తాయో ఆ అరగంటలో అర్థమైంది. అంతకుముందు చూసిన తోటల్లో అర్థం కాలేదు. ఎందుకంటే తోటకెళ్తే వాళ్ల వైన్ ఒక్కటే పోస్తారు. అదే ద్రాక్షతో పక్కవాడు ఏం చేశాడో వాళ్లెందుకు చూపిస్తారు?

ఇంకోటి. మంచి వైన్ చేసేవాళ్లందరికీ తోటలుంటాయనుకోవడం మన భ్రమ. చాలామంది చిన్నవాళ్లు రైతుల దగ్గర ద్రాక్ష కొని, వేరేవాళ్ల వైనరీలో డబ్బు కట్టి వైన్ చేసుకుంటారు. దాన్ని కస్టమ్ క్రష్ అంటారు. వాళ్లకి జనం ముందుకొచ్చే దారి ఊళ్లో ఈ చిన్న గదే. అందుకే కౌంటర్ వెనక పోసే మనిషే చాలాసార్లు వైన్ చేసిన మనిషి అయ్యుంటాడు. సెప్టెంబర్ చివర్లో ఒకసారి వెళ్తే, పోసేవాడి గోళ్ల చుట్టూ నల్లటి ఊదారంగు. "కోతలు అయ్యేదాకా ఇది పోదు" అన్నాడు చేతులు వెనక్కి పెట్టుకుంటూ. తోటలున్న పెద్ద వైనరీల్లో నాకు పోసినవాళ్లలో ఒక్కరి గోళ్లూ అలా లేవు. శుభ్రంగా ఇస్త్రీ చొక్కాలు. కాలిఫోర్నియాలోనే శాంటా బార్బరా కౌంటీలో లోంపాక్ అనే ఊరుంది. అక్కడ పారిశ్రామిక షెడ్లలో ఇలాంటి చిన్న వైనరీలు గుంపుగా వెలిశాయి, జనం దానికి 'వైన్ ఘెట్టో' (ఘెట్టో అంటే పేదల వాడ) అని పేరు పెట్టుకున్నారు. బయటినుంచి చూస్తే కార్ల రిపేరు షెడ్లనుకుంటారు. లోపల మాత్రం పక్కనే ఉన్న పేరున్న ద్రాక్ష ప్రాంతం శాంటా రీటా హిల్స్ పినో నువార్!

కాలిఫోర్నియాలోనే పేరుమోసిన వైన్ లోయ నాపా సంగతి ఇంకా తమాషా. అక్కడ సాగుభూమిని కాపాడాలని 1968లోనే వ్యవసాయ రక్షిత ప్రాంతం ప్రకటించారు. 1990లో వచ్చిన నిబంధనతో, ఆ తర్వాత పెట్టిన వైనరీల్లో రుచి చూడాలంటే ముందుగా అపాయింట్‌మెంట్ ఉండాల్సిందే. పొలాల మధ్య జాతర కాకూడదని వాళ్ల ఉద్దేశం, నాకు అందులో తప్పేమీ కనపడదు. తోటని తోటలా ఉండనివ్వడానికే జనాన్ని అదుపులో పెడుతుంటే, తోటకొస్తేనే అసలైన అనుభవం అని మనం పట్టుబట్టడం ఏం న్యాయం?

అసలు ఈ 'తోటలోదే అసలు' అనే మాటకి చరిత్ర కూడా సాయం రాదు. పోర్ట్ అనే తియ్యటి, ఘాటైన వైన్‌నే చూడండి. పోర్చుగల్‌లో ద్రాక్ష పండేది దూరంగా డోరో లోయలో. వైన్‌ని పీపాల్లో నింపి, రాబెలో అనే సరుకు పడవల మీద నది దించి, సముద్రం దగ్గర విలా నోవా డి గాయా అనే ఊళ్లో నిల్వ పెట్టేవాళ్లు. లోయలో వేసవి ఎండకి వైన్ ఉడికిపోతుంది, తీరంలో చల్లగా, నెమ్మదిగా పక్వానికొస్తుంది. 1926 నుంచి 1986 దాకా ఎగుమతయ్యే పోర్ట్ గాయా నుంచే వెళ్లాలని చట్టమే ఉండేది. స్పెయిన్‌లో షెర్రీ అనే ఘాటైన వైన్ కూడా హెరెస్ లాంటి ఊళ్లలోని గిడ్డంగుల్లోనే పక్వానికొచ్చింది. అమెరికాలో సియాటిల్ పక్కన వుడిన్‌విల్‌లో వందకు పైగా వైనరీలు, టేస్టింగ్ రూములున్నాయి. ద్రాక్ష మాత్రం దాదాపు అంతా కాస్కేడ్ కొండలకి అవతలనుంచి, ఎడారిలాంటి కొలంబియా లోయనుంచి లారీల్లో వస్తుంది. మరి వాళ్లంతా నకిలీయేనా?

ఇక డ్రైవింగ్. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక్కో పోత సుమారు 30 మిల్లీలీటర్లు, ఐదు రకాలంటే 150, అంటే నిండు గ్లాసు. రోజుకి మూడు చోట్లు తిరిగితే 450. సీసా మొత్తం 750 అని గుర్తుంచుకోండి. సగం సీసా దాటేశాక ఆ మెలికల రోడ్ల మీద స్టీరింగ్ ఎవరు పట్టుకోవాలి? మా ట్రిప్పులో "నువ్వు తాగు బావా, నేను నడుపుతాలే" అని మా బావ త్యాగం చేశాడు. రోజంతా గ్లాసులు వాసన చూసి వెనక్కిచ్చాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతాడు. ఊళ్లో అయితే అందరూ నడిచి వెళ్లి, నడిచి హోటల్ గదికి చేరొచ్చు. ఉమ్మేయొచ్చు కదా అంటారేమో. ఉమ్మొచ్చు, దానికే ప్రతి కౌంటర్ మీదా పాత్ర ఉంటుంది. సెలవులకొచ్చి ప్రతి గుక్కా ఉమ్మేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఊళ్లోవన్నీ స్వర్గాలని చెప్పడం లేదు. కొన్నిచోట్ల సెంటు కొవ్వొత్తి వెలిగిస్తారు. వైన్ వాసన చూడమని చెప్పే గదిలో మల్లెల కొవ్వొత్తి ఏంటండీ బాబూ! ఇంకోచోట మ్యూజిక్ ఎంత గట్టిగా పెట్టారంటే ద్రాక్ష రకం పేరు మూడుసార్లు అడగాల్సి వచ్చింది. అన్నిటికంటే ఒళ్లు మండేది పాత సీసా. వారం మధ్యలో జనం తక్కువగా ఉండే రోజుల్లో తెరిచిన సీసా రోజుల తరబడి అలాగే ఉంటుంది. ఒకచోట తెల్ల వైన్ నోట్లో పెట్టగానే కోసి వదిలేసిన ఆపిల్ ముక్క రుచి వచ్చింది. ఎప్పుడు తెరిచారని అడిగితే, ఆ కుర్రాడు సీసా అటూ ఇటూ తిప్పి, "ఆదివారం అనుకుంటా" అన్నాడు. ఆ రోజు గురువారం. అప్పట్నుంచి కూర్చోగానే నేనడిగే మొదటి ప్రశ్న అదే. సిగ్గుపడకండి, డబ్బులిచ్చి రుచి చూస్తున్నాం.

వచ్చే సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మొదటి రెండు రోజులు ఊళ్లోనే, కాలినడకన. అక్కడ నాకు బాగా నచ్చిన వైన్ ఏదో తేలాక, మూడో రోజు పొద్దున్నే ఆ ద్రాక్ష పండిన తోటకెళ్తాం, రైతు ఒప్పుకుంటే. గ్లాసుతో పనిలేదు. వరుసల్లో నడిచి, మట్టి చూసి, రెండు ద్రాక్షలు కోసి నోట్లో వేసుకుంటే చాలు. కారు మాత్రం నేనే నడుపుతానని మా బావకి మాటిచ్చాను.