కెనడా ఆదివాసీ పిల్లలకి చదువంతా ఫ్రీ అంటారు, ఆ క్యూ ఎంతుందో చూశారా?

ఇక్కడ కెనడాలో, విన్నిపెగ్‌లో మనవాళ్ళు నలుగురు ఏ బర్త్‌డే ఫంక్షన్‌లో కలిసినా ఫీజుల టాపిక్ రాగానే ఎవరో ఒకరు అంటారు, "ఇక్కడి నేటివ్ పిల్లలకేం, యూనివర్సిటీ మొత్తం ఫ్రీ, గవర్నమెంటే కడుతుంది" అని. నేటివ్ అంటే ఇక్కడి ఆదివాసులు, ఇండిజినస్ జనం అంటారు. కొత్తగా వచ్చినప్పుడు నేనూ నమ్మేశాను. తర్వాత ఒక కాలేజీలో స్టూడెంట్ సర్వీసెస్ కౌంటర్‌లో పనికి చేరాక, ఆగస్టు చివర్లో ఒక అమ్మాయి వచ్చింది, మా మానిటోబా రాష్ట్రంలోనే ఉత్తరాన రోడ్డు లేని ఊరు వాళ్ళది, ఫ్లైట్‌లో రావాలి లేదా చలికాలం గడ్డకట్టిన సరస్సుల మీద వేసే దారిలో రావాలి. చేతిలో అడ్మిషన్ లెటర్ నాలుగు మడతలు పెట్టి ఉంది. "మా బ్యాండ్‌లో ఈ ఏడు డబ్బు అయిపోయిందట, వచ్చే ఏడు చూద్దామన్నారు" అంది. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఈ ఫ్రీ చదువు సంగతేంటో మొత్తం చదివాను.

ఫెడరల్ గవర్నమెంట్‌కి పోస్ట్ సెకండరీ (స్కూలు తర్వాతి చదువు) స్టూడెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది. ఆ డబ్బు స్టూడెంట్‌కి నేరుగా రాదు, ఒక్కో ఆదివాసీ సముదాయానికి, ఫస్ట్ నేషన్ అంటారు, వాళ్ళ లోకల్ పాలకమండలికి వెళ్తుంది, బ్యాండ్ అంటారే అదే. ఫీజు, పుస్తకాలు, ప్రయాణం, ఇంటి అద్దె అన్నీ అందులోంచే ఇవ్వొచ్చు కానీ ఇంత మందికే సరిపోతుంది, కాబట్టి ఎవరికి ముందు అనేది వాళ్ళు రూల్స్ పెట్టుకుని తేల్చుకోవాలి, మిగిలినవాళ్ళు వెయిటింగ్ లిస్టులో. 1996లో ఈ నిధులు ఏడాదికి 2 శాతం కంటే పెరగకూడదని ఓ లిమిట్ పెట్టారు, అది ఏళ్ళ తరబడి నడిచింది. ఈలోపు పిల్లల సంఖ్యా పెరిగింది, ఫీజులూ పెరిగాయి. ఒకప్పుడు ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళ మీద వేసిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేస్తే అందులో 11వది అచ్చంగా ఇదే, ఎదురుచూస్తున్న ఫస్ట్ నేషన్స్ విద్యార్థుల క్యూ పోయేంత డబ్బు ఇవ్వండి అని. 2019 బడ్జెట్‌లో అయిదేళ్ళకి 327.5 మిలియన్ డాలర్లు అదనంగా పెట్టారు, మిగతా రెండు ఆదివాసీ సమూహాలైన ఇన్యూట్‌లకీ మేటీలకీ విడిగా పదేళ్ళ నిధులు పెట్టారు. మంచిదే. ఆ అమ్మాయి మాత్రం ఇంకా క్యూలోనే ఉంది.

దీన్ని వాళ్ళు దానంలా చూడరు, చూడాల్సిన పనీ లేదు. భూమి వదులుకుంటూ చేసుకున్న ఒప్పందాల్లో చాలావాటిలో చదువు చెప్పిస్తామన్న మాట ఉంది, అందుకే కాలేజీ చదువు కూడా మా హక్కు అంటాయి ఫస్ట్ నేషన్స్, అది మా పాలసీ మాత్రమే అంటుంది ఫెడరల్ గవర్నమెంట్. ఇంకో విషయం చదివాక నాకు నిద్ర పట్టలేదు. 1876 ఇండియన్ యాక్ట్‌లో, ఎవరైనా యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకుంటే వాళ్ళ ఇండియన్ స్టేటస్, అంటే చట్టం దృష్టిలో ఫస్ట్ నేషన్స్ మనిషిగా ఉన్న గుర్తింపు, దానంతటదే పోయేలా రాశారు (అప్పట్లో వాళ్ళని ఇండియన్స్ అనేవాళ్ళు). చదువుకో, కానీ ఇక నువ్వు మీవాళ్ళలో మనిషివి కావు అని అర్థం. అలాంటి చోట 2021 సెన్సస్‌లో 25 నుంచి 64 ఏళ్ళ ఇండిజినస్ జనంలో పోస్ట్ సెకండరీ పూర్తిచేసినవాళ్ళు దాదాపు సగం, మిగతా జనంలో 68 శాతం అని వస్తే, పిల్లలకి చదువు మీద ఇంట్రెస్ట్ లేదు అనేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది.

సరే, బ్యాండ్ డబ్బు రాలేదు, మరి దారేంటి? దారులున్నాయి, చాలానే ఉన్నాయి, అసలు ఇబ్బంది కూడా అక్కడే. ఫెడరల్ గవర్నమెంట్ సైట్‌లో ఇండిజినస్ బర్సరీస్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) సెర్చ్ టూల్ ఉంది, వందల స్కాలర్‌షిప్‌లు కనపడతాయి, ఒక్కోదానికి ఒక్కో ఫారం, ఒక్కో డెడ్‌లైన్, ఒక్కో వ్యాసం. పద్దెనిమిదేళ్ళ పిల్ల సెల్‌ఫోన్‌లో, స్లో నెట్‌లో ఇవన్నీ ఒక్కతే ఎలా తేల్చుకుంటుంది? అందుకే నేను అందరికీ ముందు ఇండ్‌స్పైర్ అనే సంస్థ గురించి చెప్తాను. 1985లో మోహాక్ అనే ఫస్ట్ నేషన్స్ తెగకి చెందిన సంగీత కండక్టర్ జాన్ కిమ్ బెల్ కళాకారుల కోసం మొదలుపెట్టిన ఫౌండేషనే ఇప్పుడు ఈ పేరుతో ఉంది, ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ముగ్గురికీ ఇస్తుంది, ఒక్క అప్లికేషన్ పెడితే చాలు, మనకి సరిపోయే అవార్డులన్నిటికీ వాళ్ళే చూస్తారు. ఆగస్టు 1, నవంబర్ 1, ఫిబ్రవరి 1 అని ఏడాదికి మూడు గడువులు, కాబట్టి ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. ఆ తర్వాత చేరబోయే కాలేజీలో ఇండిజినస్ స్టూడెంట్ సెంటర్‌కి వెళ్ళి మనిషిని కలవాలి, ఎందుకంటే సైట్‌లో కనపడని చిన్న చిన్న బర్సరీలు వాళ్ళకే తెలుస్తాయి. స్కాలర్‌షిప్ అనగానే మార్కులు తక్కువని వెనక్కి తగ్గే పిల్లలు చాలామంది, బర్సరీకి చూసేది ముఖ్యంగా అవసరాన్ని అని వాళ్ళకి ఎవరూ చెప్పరు. ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంత ఇంట్లో కాకుండా ప్రభుత్వ సంరక్షణలో, పెరిగినవాళ్ళకి బ్రిటిష్ కొలంబియాలో 2017 నుంచి ట్యూషన్ మాఫీ ఉంది, దేశం మొత్తమ్మీద ఫోస్టర్ కేర్ పిల్లల్లో సగానికి పైగా ఇండిజినస్ పిల్లలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక ప్రూఫ్ గొడవ. స్టేటస్ కార్డు, మేటీ సిటిజన్‌షిప్ కార్డు, ఇన్యూట్ ఎన్‌రోల్‌మెంట్, ఏదో ఒకటి అడుగుతారు. పాడేరులోనో భద్రాచలంలోనో ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన కుటుంబాలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అడగటం తప్పని నేననను, టొరంటోకి చెందిన ఒకావిడ తన కూతుళ్ళని ఇన్యూట్ పిల్లలుగా తప్పుడుగా నమోదు చేయించి లక్షన్నర డాలర్లకు పైగా ఇన్యూట్ సంస్థల డబ్బు తినేసిన కేసులో 2024లో ఇన్యూట్ ప్రాంతంలోని ఇకలూయిట్ ఊరి కోర్టు మూడేళ్ళ జైలు వేసింది. ఆ డబ్బు ఎవరి పిల్లలదో తల్చుకుంటే కడుపు మండుతుంది. కానీ ఒకసారి చూపించిన కార్డుని ప్రతి ఫారంలో మళ్ళీ స్కాన్ చేసి పెట్టమనటం ఎందుకు? అడ్మిషన్ టైమ్‌లోనే చూసేసి, ఆ కాలేజీ చేతిలో ఉన్న బర్సరీలన్నిటికీ స్టూడెంట్ పేరు వాళ్ళే కలిపెయ్యొచ్చు కదా. ఆ బర్సరీల లిస్టు కూడా ఆగస్టులో ఇస్తే ఏం లాభం, పన్నెండో తరగతి మొదలయ్యేటప్పుడే ఆ ఊళ్ళ స్కూళ్ళకి వెళ్ళి మనుషులే చెప్పాలి.

ఆ అమ్మాయి కొంత స్టూడెంట్ లోన్‌తో, కొంత వాళ్ళ పెద్దమ్మ ఇచ్చిన డబ్బుతో సెప్టెంబర్‌లో చేరింది. అక్టోబర్ చివర ఇండ్‌స్పైర్ ఫారం పట్టుకుని మళ్ళీ కౌంటర్‌కి వచ్చింది. వ్యాసం దగ్గర ఆగిపోయింది. "నా కష్టాలే రాయాలా?" అని అడిగింది. ఏం చదవాలనుకుంటున్నావో అది రాయి అన్నాను. నర్సింగ్ గురించి రాసింది, వాళ్ళ అమ్మమ్మ డయాలసిస్ కోసం ఊరొదిలి విన్నిపెగ్ వచ్చేయాల్సి వచ్చిందని, ఆ మెషిన్ నడపటం వచ్చినవాళ్ళు ఊళ్ళో ఒక్కరుంటే అమ్మమ్మ ఇంట్లోనే ఉండేదని. స్టేటస్ కార్డు ఫోటో రెండుసార్లు అప్‌లోడ్ అవలేదు, మూడోసారి ఎక్కింది, అప్పటికి గడువు ఇంకా రెండు రోజులుంది.