మాదీ మహానగరమేనండి, బోర్డు ఒక్కటే తక్కువ

రాజ్యాంగంలో 243-పి అని ఒక అధికరణం ఉందండి. 74వ సవరణతో 1993లో అమల్లోకి వచ్చింది. పది లక్షలకు తగ్గని జనాభా, ఒకటో రెండో జిల్లాలు, ఒకదాన్నొకటి ఆనుకున్న మునిసిపాలిటీలు గానీ పంచాయతీలు గానీ ఉండి, గవర్నరు గారు నోటిఫికేషన్ ఇస్తే చాలు, అది మహానగర ప్రాంతం అయిపోతుందట. మేడలుండాలని గానీ మెట్రో రైలుండాలని గానీ ఎక్కడా రాయలేదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా గోదావరి డెల్టా సంగతే చూడండి, అమలాపురంలో బస్సెక్కి రావులపాలెంలో దిగేవాడికి ఏ ఊరు ఎక్కడైపోయిందో కండక్టరు కేకేస్తే గానీ తెలీదు కదా. కోనసీమ జిల్లా ఒక్కటే 2011 లెక్కల ప్రకారం 17 లక్షల పైచిలుకు. అంటే మేం ముప్పై ఏళ్ళుగా మహానగరవాసులమే, తెలీక పల్లెటూరివాళ్ళలా బతికేస్తున్నాం.

జనాభా లెక్కలవాళ్ళకి ఇంకో కొలత ఉంది. ఊరిని పట్నం అనాలంటే 5000 మంది ఉండాలి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయం కాని పనిలో ఉండాలి. మొదటిది మాకు లెక్కలోది కాదు. రెండోది కోనసీమలో 800 దాటిపోయింది. పేచీ అంతా మూడోదాని దగ్గరే. రొయ్యల చెరువు గట్టు మీద మంచమేసుకుని ఏరియేటర్ తిరుగుతోందా ఆగిందా అని చూసేవాడిది వ్యవసాయమా, పరిశ్రమా? హైదరాబాదులో కూర్చుని ఏడాదికోసారి కౌలు డబ్బులు ఫోన్లో వేయించుకునే మా బాబాయి రైతా, కాదా? పాసుపుస్తకం ప్రకారం రైతే. చేలో దిగేవాడి పేరు మాత్రం మా ఊళ్ళో నాకు తెలిసి ఏ పుస్తకంలోనూ లేదు. 2011 సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, కోనసీమలో క్రాప్ హాలిడే కూడా ప్రకటించారండి, పొలానికే సెలవిచ్చేసిన చోటుని ఇంకా పల్లె అంటే ఎలా?

భూగోళం సంగతికొస్తే హైదరాబాదుకి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉందని తెగ చెప్పుకుంటారు. ధవళేశ్వరం దాటాక గౌతమికీ వశిష్ఠకీ మధ్యలో వైనతేయకీ ఉన్న ఏటిగట్లన్నీ కలిపి కొలవండి, మాది ఎంతో తెలుస్తుంది. పైగా వరదొచ్చినప్పుడు లంకల్లో జనం కాపురాలుండేది కూడా ఆ రోడ్డు మీదే, అలాంటి సౌకర్యం వాళ్ళకుందా? సిగ్నల్ లైట్లు కూడా మూడున్నాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడిటికీ అర్థం ఒకటే, సామాను సర్దుకోమని.

ఢిల్లీకి నోయిడా ఉన్నట్టు మాకు యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిది. చుట్టూ ఆంధ్ర, మధ్యలో ఇంకో ప్రభుత్వం. మా వాళ్ళు యానాం ఎందుకెళ్తారంటే గౌతమి అందం చూడ్డానికేనండి, సాయంత్రం ఏడు తర్వాత అందం ఇంకా బాగుంటుంది. ఇక మూసీ లేదని ఎవరైనా అంటారేమో, భీమవరం వెళ్ళి యనమదుర్రు డ్రెయిన్ పక్కన రెండు నిమిషాలు ముక్కు మూసుకోకుండా నిలబడమనండి. చుట్టూ గోదావరి పెట్టుకుని ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కుని తాగుతున్నాం, నగర నాగరికతకి ఇంతకంటే రుజువేం కావాలి! కాటన్ దొర 1852కల్లా ఆనకట్ట కట్టి నీళ్ళిచ్చాడు, క్యాన్ మేమే కనిపెట్టుకున్నాం.

ట్రాఫిక్ అంటారా, సంక్రాంతి మూడు రోజులూ వచ్చి చూడండి. ఊళ్ళో కార్లు సగం తెలంగాణ నంబర్లే, బరి దగ్గర పార్కింగ్ దొరికితే పందెం గెలిచినట్టే.

2007లో హైదరాబాదు చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీల్నీ 8 పంచాయతీల్నీ ఒక్క సంతకంతో గ్రేటర్‌లో కలిపేశారు. మాకూ అలాగే చెయ్యొచ్చు, కాకపోతే ఆఫీసు ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిన్న ఇబ్బంది ఉంది. రాజమండ్రి వాళ్ళు పెద్దరికం వదులుకోరు, కాకినాడ వాళ్ళు రాజమండ్రిని ఒప్పుకోరు, భీమవరం వాళ్ళు డబ్బులు మావి కదా అంటారు, అమలాపురం వాళ్ళు అసలు డెల్టా నడిబొడ్డు మేమే అంటారు. 2022లో జిల్లాలు చీల్చాక పెళ్ళిశుభలేఖ మీద ఏ జిల్లా వెయ్యాలో తేలకే మా పెదనాన్న సగం తగ్గిపోయాడు.

ఏదైతేనేం, అర్జీ నేనే రాశాను. ఒక కాపీ భీమవరం కలెక్టరాఫీసులో ఇచ్చేసి, రెండోది అమలాపురంలో ఇద్దామని బయల్దేరాను. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళొచ్చు గానీ, మహానగరవాసిని కదా, ప్రజారవాణానే వాడదామని నరసాపురం రేవులో పంటు, అదే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పడవ, ఎక్కాను. అవతల సఖినేటిపల్లి కనబడుతూనే ఉంది. పంటు మాత్రం కదలట్లేదు.

"ఎప్పుడు బయల్దేరుద్దండీ?" అనడిగాను.

"ఆయ్, నిండాలి కదండీ. ఇంకో నాలుగు బళ్ళు రానివ్వండి."