తుపాకీ షాపులోని హోల్డ్ ట్యాగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పసుప్పచ్చ హోల్డ్ ట్యాగు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఈ తుపాకీ ఫలానావాళ్ల కోసం పక్కన పెట్టామని పేరు రాసి దానికి కట్టే అట్టముక్క తమరు. మీ కుశలానికి లోటేం లేదు, శనివారం కళ్లారా చూశాను. నా పేరు మీద అడ్డగీత కొట్టించుకుని, దాని కింద ఇంకెవరి పేరో రాయించుకుని, ఒక సావేజ్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ ట్రిగ్గర్ గార్డుకి హాయిగా వేలాడుతున్నారు. దారం కూడా మార్చలేదు. ఇక నా కుశలం గురించే ఈ లేఖ.

నేను ఏ రైఫిల్ గురించి మాట్లాడుతున్నానో తమరికి తెలుసు. ఒక రాత్రంతా దాని మెడలో ఉన్నారు కదా.

సెకండ్‌హ్యాండ్ ర్యాక్ అంటే మనందరికీ తెలిసిందే. ఎప్పుడు వెళ్లినా అవే మొహాలు. స్కోపు కోసం అడ్డదిడ్డంగా బెజ్జాలు కొట్టిన పాత సైనిక మౌజర్. ఎవరో గ్యారేజీలో రంపంతో కోసి పొట్టి చేసిన బట్‌తో ఒక షాట్‌గన్. పోయిన క్రిస్మస్‌కి కొనుక్కుని, ఒకటి రెండుసార్లు పేల్చి, భుజం వాచాక తెచ్చి అమ్మేసిన మాగ్నమ్. వీటి మధ్య ఆ గురువారం మార్లిన్ 336 నిలబడి ఉంది, కింద లివర్ తిప్పి తూటా ఎక్కించే రైఫిల్. తూటా రకం థర్టీ-థర్టీ. బ్యారెల్ మీద, రిసీవర్ పక్కనే, పాత మార్లిన్ ఫ్యాక్టరీవాళ్ల జేఎం ముద్ర.

అడిగి చేతిలోకి తీసుకున్నాను. ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాను. సీరియల్ నంబరు 25తో మొదలవుతోంది. ఆ కాలపు మార్లిన్ లెక్క ప్రకారం దాన్ని వందలోంచి తీసేస్తే 75, అంటే 1975లో కనెటికట్‌లోని నార్త్ హేవెన్ ఫ్యాక్టరీలో తయారైంది. స్క్రూల తలలు నలగలేదు, అంటే దొరికిన స్క్రూడ్రైవరల్లా పెట్టి ఎవరూ కెలకలేదు. బట్ కింద మార్లిన్ వాళ్ల ఆ నలుపు తెలుపు చుక్క ఉన్నచోటే ఉంది. ట్రిగ్గర్ మీద బంగారు పూత వేలు ఆనేచోట మాత్రమే అరిగింది. పక్కన నొక్కే సేఫ్టీ బొత్తాం లేదు, అది 1980లలో వచ్చి చేరింది. హ్యామర్‌ని సగం ఎత్తి ఉంచడమే సేఫ్టీ అనుకున్న కాలం నాటిది ఇది. లివర్ కిందికి తెరిచి మళ్లీ మూశాను. ఆ చప్పుడు నేను అక్షరాల్లో రాయలేను. తమరు పక్కనే ఉండి విన్నారు.

జేఎం ముద్రకి అంత విలువేమిటని మా ఆవిడ అడిగింది. 2007 చివర్లో మార్లిన్‌ని రెమింగ్టన్ కొన్నది. 2011కల్లా నార్త్ హేవెన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. యంత్రాలు న్యూయార్క్‌లోని ఇలియన్‌కి వెళ్లాయి. వాటి మొండితనం తెలిసి, దశాబ్దాలుగా వాటితో పని చేయించిన మనుషులు వెళ్లలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు వచ్చినవాటిలో సైట్లు పక్కకి వాలడం, చెక్కకీ ఇనుముకీ మధ్య సందులుండటం ఈ లోకంలో అందరూ చెప్పుకునే కథే. 2020లో రెమింగ్టన్ దివాలా తీశాక మార్లిన్‌ని రూగర్ అనే ఇంకో తుపాకుల కంపెనీ కొనుక్కుంది. ఇప్పుడు బాగా చేస్తున్నారు, కాదనను. కానీ కొత్తది వెయ్యి డాలర్ల పైమాటే. దీని చీటీ మీద 625.

ఇదంతా విని ఆవిడ, "టోపీ కూడా కొంటారా?" అంది. 1971లో కృష్ణ గారు కౌబాయ్ టోపీ పెట్టుకుని గుర్రమెక్కినప్పటి నుంచి మన ఇళ్లలో ఆ ప్రశ్న బాకీ ఉంది. ఊళ్లో టూరింగ్ టాకీసులో గీతలు పడ్డ ప్రింటు చూసొచ్చి, తాటిమట్టతో తుపాకీ చేసుకుని, నోటితోనే చప్పుడు చేసుకున్నవాళ్లం. డాలస్‌కి ఉత్తరాన ఇల్లు కట్టుకుని, తాటిమట్ట దొరకని చోట, అసలుది అడిగితే తప్పా?

సరే, అప్పుడే ఎందుకు కొనలేదంటారా? ఇల్లు మారాం. డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అడ్రసే ఉంది. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473కి ఇప్పుడుంటున్న అడ్రసు రుజువు కావాలి. కొత్త అడ్రసున్న కారు రిజిస్ట్రేషన్ కాగితం తెస్తే సరిపోతుందన్నాడు కౌంటరు పెద్దాయన. అది సబబే. చట్టం చట్టమే. డిపాజిట్ కడతానని పర్సు తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "డిపాజిట్లెందుకు? టెక్సస్‌లో ఉన్నాం. మనిషి మాట చాలు. శనివారం సాయంత్రం దాకా ఇది నీదే."

అప్పుడే సొరుగులోంచి తమరు బయటికొచ్చారు.

పేరడిగాడు. వెంకటసుబ్బారావు అన్నాను. స్పెల్లింగ్ చెప్పడం మొదలుపెట్టాను. నాలుగో అక్షరం దగ్గర ఆయన పెన్ను ఆపేసి, "చాల్లే, అర్థమైంది" అన్నాడు. వీ, ఈ, ఎన్, కే. వెంక్. ఈ దేశానికొచ్చాక నాకు చాలా పేర్లు పెట్టారు. పట్టించుకోలేదు.

శనివారం కాగితాలన్నీ పట్టుకెళ్లాను. ర్యాక్‌లో ఆ చోటు ఖాళీ. లోపల దాచారేమోననుకుని కౌంటర్లో ఉన్న కుర్రాణ్ణి అడిగాను. "ఆ మార్లినా? అది హ్యాంక్ కోసం హోల్డ్‌లో ఉంది కదా. నిన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు."

హ్యాంక్ ఎవరో అక్కడికెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రతి షాపులోనూ కౌంటరు ముందు ఎత్తు స్టూలు మీద ఒకాయన ఉంటాడు. ఏమీ కొనడు, అమ్మడు, ఉచిత కాఫీ తాగుతూ, ఎవరు ఏ తుపాకీ పట్టుకున్నా అంతకన్నా మంచిది తన దగ్గర 1982లోనే ఉండేదని చెబుతాడు. ఆయనే. కుర్రాడు తమర్ని చూసి, వెంక్‌ని హ్యాంక్ అని చదివి, "నీ మార్లిన్ రెడీగా ఉంది హ్యాంక్" అన్నాడట. హ్యాంక్ ఒక్క క్షణం తడబడలేదట. "ఎంతకి?" అని మాత్రం అడిగాడట.

ఇప్పుడు చెప్పండి ట్యాగు గారూ. మా ఊరి ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద వేసిన కర్చీఫ్‌కి మీకన్నా ఎక్కువ గౌరవం ఉంది. కర్చీఫ్ మీద పేరు కూడా ఉండదు. అయినా బస్సు మొత్తం దాన్ని ఒప్పుకుంటుంది. తీసి పక్కన పడేసినవాడితో మిగతా ప్రయాణికులే తగువు పెట్టుకుంటారు.

పైగా మీరుండే ఆ షాపు నిండా ఎన్ని పుస్తకాలు, ఎన్ని ఫారాలు! ఒక రైఫిల్ లోపలికొస్తే మర్నాడు షాపు మూసేలోగా రిజిస్టర్లో ఎక్కాలి. బయటికి పోతే ఏడు రోజుల్లోగా ఎవరికి పోయిందో ఎక్కాలి. కొనేవాడి పేరు లైసెన్సులో ఎలా ఉంటే అలా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఎత్తు, బరువు, పుట్టిన దేశం, ఊరి పొలిమేర లోపల ఉంటున్నారా బయటా అన్న ప్రశ్న. మీరు న్యాయస్థానం నుంచి పరారీలో ఉన్నారా, అవునా కాదా. (అవునని టిక్కు పెట్టే మహానుభావుణ్ణి ఒకసారి చూడాలని నా కోరిక.) అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం. అమ్మకం జరిగిన ఆ ఫారాన్ని షాపువాళ్లు షాపు నడిచినన్నాళ్లూ దాచాలి. అంటే ప్రభుత్వానికి ఇచ్చిన మాటకి కాగితం, సంతకం, బీరువా, తాళం. నాకిచ్చిన మాటకి మాత్రం నలిగిన అట్టముక్క, సిరా అయిపోయిన పెన్ను, తమరు.

హోల్డ్‌లో ఉండటం మా తెలుగువాళ్లకి కొత్తనుకున్నారా? హెచ్-వన్ వీసా మీద ఉన్నన్నాళ్లూ వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకపోతే తుపాకీ కొనడానికే లేదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాం. ఆ క్యూలో పిల్లలు పుట్టి, కాలేజీకి వెళ్లే వయసుకొచ్చినవాళ్లున్నారు. కానీ ఆ క్యూకి కూడా ఒక నీతి ఉంది సార్. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అప్రూవ్ అయ్యాక కంపెనీ మారినా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన చోటు, మనదే. దాన్ని హ్యాంక్ ఎత్తుకుపోడు. మీ దగ్గర రెండు రోజులు నిలవని నా పేరు అక్కడ పుష్కరం దాటి నిలిచింది.

మిగతా విషయాలు నేను పట్టించుకోను. థర్టీ-థర్టీ తూటాల పెట్టె ధర గురించి మాట్లాడను. గొట్టం మ్యాగజీన్‌లో మొనదేలిన తూటాలు వేయకూడదని నాకు ప్రతిసారీ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పే పెద్దమనిషి గురించి కూడా మాట్లాడను. "బేరాలు లేవు, నా సరుకు విలువ నాకు తెలుసు" అని బోర్డు పెట్టి, దాని పక్కనే బేరమాడే షాపు పద్ధతి కూడా వదిలేస్తున్నాను. కానీ మీ సంగతి వదలను.

కుర్రాడు పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెద్దాయన లోపల్నుంచి వచ్చి విషయం విని, "అయ్యో వెంక్" అన్నాడు. అని, నన్ను ఊరడించడానికి ఒక వించెస్టర్ 94 తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది ప్రీ-64. ఇలాంటిది మళ్లీ రాదు." తిప్పి చూశాను. సీరియల్ నంబరు 27 లక్షలు దాటి చాలా దూరం వెళ్లింది. అంటే 1964లో ఖర్చు తగ్గించడానికి డిజైన్ మార్చేసిన తర్వాత వచ్చిన సరుకు. జాన్ బ్రౌనింగ్ చేసిన డిజైను మీద గుమాస్తాలు చేసిన పొదుపు. ఆ మాటే అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఓహ్" అని, ధర చీటీ మీద వంద డాలర్లు తగ్గించాడు. తగ్గించి ఆగాడా? మిమ్మల్ని ఆ సావేజ్ మీంచి విప్పబోయాడు. "దీనికి హోల్డ్ పెట్టమంటావా?"

నేను గట్టిగా అరిచాను, ఒప్పుకుంటున్నాను. షాపులో అందరూ తల తిప్పి చూశారు. తెలుగులో అరిచాను కాబట్టి సరిపోయింది. ఏమన్నానో ఇక్కడ రాయను. మీ తాతముత్తాతల ప్రస్తావన ఉందని మాత్రం మనవి చేస్తున్నాను.

అయినా ఆ షాపు మానేస్తానా అంటే, మానను. పెద్ద పెద్ద దుకాణాల్లో లివర్ యాక్షన్ అడిగితే కేటలాగు చూపిస్తారు. ఇక్కడ పాతది చేతిలో పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బ్యారెల్లోకి వెలుతురు చూసుకోమంటారు. తూటాని పైకెత్తే క్యారియర్ అరిగితే మార్లిన్ ఎలా ఇరుక్కుపోతుందో, ఆ అంచుని ఎక్కడ తడిమి చూడాలో నాకు నేర్పింది ఆ పెద్దాయనే. ఆయన్ని తిట్టుకోలేను. అందుకే మిమ్మల్ని తిడుతున్నాను.

బయట పార్కింగ్‌లో హ్యాంక్ తన పికప్‌కి ఆనుకుని నిలబడ్డాడు. కేకలు విన్నాడు కాబోలు. "నీ పేరు మీద ఉందని నాకు తెలీదు బాబూ" అన్నాడు. తెలిసినా ఏం చేసేవాడో అడగలేదు. ఆ మార్లిన్ తనకి పెద్దగా అక్కర్లేదట, ఇంట్లో అలాంటివి మూడున్నాయట. కావాలంటే నాకే ఇస్తాడట. 850.

ఇద్దరం టెక్సస్‌వాళ్లమే కాబట్టి ఇది సొంత అమ్మకమట, షాపు ఫారం కూడా అక్కర్లేదట. లైసెన్సు ఒకసారి చూపించి, చెయ్యి కలిపితే చాలట. రెండొందల పాతిక ఎక్కువ కదయ్యా అన్నాను. "1975లో తయారైంది, జేఎం ముద్ర ఉంది" అని నాకే పాఠం చెప్పాడు. ఆలోచిస్తానన్నాను.

"తొందరేం లేదు. వచ్చే శనివారం దాకా నీకోసం హోల్డ్ చేస్తాను" అన్నాడు.

ఏటీఎం ఎక్కడుందని అడిగాను.

ఇట్లు,
వెంకటసుబ్బారావు
(లైసెన్సులో ఎలా ఉందో అలాగే)